ఆ లెక్కలో ఆమె లేదు: ఒక సోలో నాటకం తయారైన తీరు

ఒక యూదు ఇంట్లో తండ్రి పోయిన మూడో రోజు సాయంత్రం. ఇంట్లో అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పారు. హాల్లో కుర్చీలు గోడవారగా వేశారు. యూదుల ఇళ్లలో ఏడు రోజుల సంతాపం జరుగుతుంది, దాన్ని షివా అంటారు. రోజూ సాయంత్రం బంధువులు, స్నేహితులు వచ్చి ప్రార్థన చేస్తారు. పోయినవాళ్ల కోసం కద్దిష్ అనే ప్రార్థన చదవాలంటే కనీసం పదిమంది పెద్దవాళ్లు ఉండాలి. ఆ పదిమంది కూటమి పేరు మిన్యాన్. అయితే మనుషుల్ని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టకూడదని పాత ఆచారం. అందుకే బైబిల్ కీర్తనల గ్రంథంలోని 28వ కీర్తనలో చివరి వచనాన్ని పైకి చదువుతారు. హీబ్రూలో దానికి సరిగ్గా పది మాటలు. ఒక్కో మనిషి మీద ఒక్కో మాట పడుతుంది. పదో మాటకు మనిషి దొరికితే ప్రార్థన మొదలుపెట్టొచ్చు.

ఆ రోజు లెక్క చూసింది పోయినాయన పాత స్నేహితుడు. వేలు గాల్లో కదుపుతూ మెల్లగా చదువుకుంటూ వచ్చాడు. ఆమె కుర్చీ దగ్గరికొచ్చేసరికి వేలు ఆగలేదు. పక్క కుర్చీకి వెళ్లిపోయింది. తొమ్మిదో మాటతో మనుషులు అయిపోయారు. ఇంకొకరు వచ్చేదాకా అందరూ అరగంట ఎదురుచూశారు. చివరికి వచ్చినాయన ఎవరో ఆ ఇంట్లో చాలామందికి తెలియదు. ఆయనతో పది నిండింది.

చనిపోయింది ఆమె తండ్రి.

ఆమె నటి. 2023 జనవరిలో ఒక కాఫీ షాపులో కూర్చుని నాకు ఈ సంగతి చెప్పింది. చెప్పింది కూడా గబగబా, ఏదో పక్క విషయంలాగా. తర్వాత అసలు విషయానికి వచ్చి, "ఈ కాలంలో యూదురాలిగా బతకడమంటే ఏమిటి అన్నదాని మీద ఒక సోలో నాటకం చేయాలనుకుంటున్నాను, నువ్వు డైరెక్ట్ చేస్తావా" అని అడిగింది. ఆ పక్క విషయంలోనే నాటకం ఉందని మా ఇద్దరికీ అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. ఆ నాటకం ఎలా తయారైందో, ఎక్కడ దారి తప్పామో, ఏం చేస్తే దారిలో పడిందో రాస్తున్నాను. సోలో నాటకాలు చేసేవాళ్లకు, చేయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

నేను గుంటూరు జిల్లావాణ్ణి. హైదరాబాద్‌లో థియేటర్ చదువుకున్నాను. పదకొండేళ్లుగా న్యూజెర్సీలో చిన్న నాటకాలకు దర్శకత్వం చేస్తున్నాను, డ్రమటర్గ్‌గా కూడా పనిచేస్తున్నాను. డ్రమటర్గ్ అంటే రాసేవాళ్ల పక్కన కూర్చుని స్క్రిప్టును ప్రశ్నలు అడిగే మనిషి. యూదుణ్ణి కాని నన్నెందుకు పిలిచావని మొదటి రోజే అడిగాను. "మావాళ్లయితే నేను సగం చెప్పకముందే తల ఊపేస్తారు. నాకు తల ఊపని మనిషి కావాలి" అంది. ఆ మాట నాకు ఈ ప్రాజెక్టు మొత్తానికీ పనికొచ్చింది. అర్థం కానప్పుడు అర్థమైనట్టు తల ఊపకుండా ఉండడమే నా డ్యూటీ అనుకున్నాను.

ముందు ఆ వేలు ఆమెను ఎందుకు దాటిందో చెప్పాలి. సంప్రదాయ యూదు ధర్మశాస్త్రం ప్రకారం తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదు. ఆమె తండ్రి బ్రూక్లిన్ యూదు కుటుంబంలో పుట్టాడు, తల్లి ఐరిష్ క్యాథలిక్. అమెరికాలో పెద్ద శాఖ అయిన రిఫార్మ్ యూదులు 1983లో ఒక తీర్మానం చేశారు: తల్లిదండ్రుల్లో ఎవరు యూదులైనా సరే, బిడ్డను యూదుగా పెంచితే యూదుగానే చూస్తామని. ఆమె పెరిగింది అలాంటి వాళ్ల ప్రార్థనా మందిరంలోనే, దాన్ని సినగాగ్ అంటారు. చిన్నప్పుడు హీబ్రూ బడికి వెళ్లింది, పదమూడో ఏట, ఆడపిల్ల మతపరంగా పెద్దదైనట్టు గుర్తించే బాత్ మిత్స్వా వేడుక చేసుకుంది. కానీ కన్సర్వేటివ్, ఆర్థడాక్స్ శాఖలు ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. రిటైరయ్యాక తండ్రి ఇల్లు మారి, దగ్గర్లో ఉందని ఒక కన్సర్వేటివ్ సినగాగ్‌లో చేరాడు. ఆ శాఖలో 1973 నుంచి ఆడవాళ్లను కూడా మిన్యాన్‌లో లెక్కించే వీలుంది. కాబట్టి ఆడమనిషి కావడం వల్ల దాటేయలేదు. తల్లి వల్ల దాటేశారు.

ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2020లో చేసిన సర్వే ప్రకారం అమెరికాలో దాదాపు 75 లక్షల మంది యూదులున్నారు. యూదు పెద్దవాళ్లలో 27 శాతం మంది తమకు మతం లేదంటారు, అయినా తాము యూదులమనే చెప్పుకుంటారు. 2010 తర్వాత పెళ్లి చేసుకున్న యూదుల్లో 61 శాతం మంది జీవిత భాగస్వాములు యూదులు కారు. అంటే లెక్కలో ఉన్నామా లేమా అన్న ప్రశ్న పక్కన కూర్చోబోయే పిల్లలు లక్షల్లో ఉన్నారు.

మొదటి డ్రాఫ్టు: అన్నీ చెప్పేశాం

ఏప్రిల్ నాటికి 50 పేజీల స్క్రిప్టు, పదకొండు పాత్రలు తయారయ్యాయి. నానమ్మ, హీబ్రూ టీచరు, ఇజ్రాయెల్‌లో ఉన్న కజిన్, న్యూయార్క్ నిరసనల్లో తిరిగే ఇంకో కజిన్, రబ్బీ (యూదు మతగురువు), క్యాథలిక్ పిన్ని, ఇలా అందరూ ఉన్నారు. ప్రతి సీనులోనూ ఒక యూదు పదం వచ్చేది, వెంటనే ఎవరో ఒకరు దాని అర్థం చెప్పేవారు. షబ్బాత్ అంటే ఏమిటి, కోషర్ అంటే ఏమిటి, ఎందుకు, ఎప్పటినుంచి. చదువుతుంటే నాకు అన్నీ అర్థమయ్యేవి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

జూన్‌లో ఒక కమ్యూనిటీ హాల్ బేస్‌మెంట్‌లో ఇరవై మందిని పిలిచి ప్రదర్శించాం. తర్వాత ప్రశ్నలు అడగమన్నాం. హల్లా రొట్టెకు జడ ఎందుకల్లుతారని ఒకాయన అడిగాడు. మీ ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టేవారా అని ఒకావిడ అడిగింది. ప్రశ్నలన్నీ సమాచారం గురించే. ఆమె గురించి ఒక్కరూ ఏమీ అడగలేదు. గంటన్నర సేపు ఒక మనిషి తన ఒంటినంతా వాళ్ల ముందు పెడితే, వాళ్లు ఆ మనిషిని చూడకుండా ఎగ్జిబిషన్ చూసి వెళ్లారు. తప్పు వాళ్లది కాదు. మేం కట్టింది ఎగ్జిబిషనే.

ఆ రాత్రి కారులో ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "నేను వాళ్లకు టూర్ గైడ్‌ని అయ్యాను కదా" అంది చివరికి.

ఇక్కడ మన ఏకపాత్రాభినయం గురించి రెండు మాటలు చెప్పాలి. స్కూలు వార్షికోత్సవాల్లో దుర్యోధనుడి ఏకపాత్ర చూడని తెలుగువాళ్లు అరుదు. అందులో ఒక నటుడు, ఒక పాత్ర. ఆ పాత్ర అభిమానం, కోపం, గద ఊపే తీరు, అన్నీ ఒకే దిక్కుకు వెళతాయి. అమెరికాలో సోలో షో అనే రూపం వేరు. అందులో ఒక మనిషి ఒక ఇంటినంతా, ఒక్కోసారి ఒక ఊరినంతా మోస్తారు. 1991 ఆగస్టులో బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్‌లో నల్లజాతివాళ్లకూ యూదులకూ మధ్య గొడవలు చెలరేగాయి. నటి అన్నా డీవియర్ స్మిత్ ఆ రెండు వైపులవాళ్లనీ ఇంటర్వ్యూ చేసి, వాళ్లన్న మాటల్ని ఉన్నవి ఉన్నట్టు, తడబాట్లతో సహా, తానొక్కతే వేదిక మీద చెప్పింది. 1992లో వచ్చిన ఆ నాటకంలో హసిడిక్ (సంప్రదాయాన్ని గట్టిగా పాటించే యూదు శాఖ) గృహిణి ఆమే, నల్లజాతి కుర్రాడూ ఆమే. అలా చేస్తే కొత్తగా ఒకటి జరుగుతుంది. వీధిలో ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు ఒకే గొంతులో, ఒకే ఊపిరితిత్తుల్లో పక్కపక్కన బతకాల్సి వస్తుంది.

ఈ విషయాన్ని ఇంకోలా చేసినవాళ్లూ ఉన్నారు. హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు యూదుల్ని సామూహికంగా చంపినప్పుడు, తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న తన తండ్రితో కలిసి నాటక రచయిత్రి లీసా క్రోన్ నాజీల మరణశిబిరం ఆష్విట్జ్ చూడడానికి వెళ్లింది. ఆ ప్రయాణం గురించి చేసిన సోలోలో స్లైడ్లు వేసి చూపిస్తుంది. కానీ తెర మీద బొమ్మేమీ ఉండదు, ఉత్త వెలుగు చతురస్రం. బొమ్మలన్నీ మనమే ఊహించుకోవాలి. కమెడియన్ అలెక్స్ ఎడెల్‌మన్ అయితే న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో తెల్లజాతి జాతీయవాదులు పెట్టుకున్న మీటింగుకు తానే వెళ్లి కూర్చున్న సంగతిని నవ్విస్తూ చెప్పి, 2023లో బ్రాడ్‌వే దాకా తీసుకెళ్లాడు. వాళ్ల మధ్య కూర్చుని కూడా వాళ్లకు నచ్చాలని తనకెందుకు అనిపించిందో అడుగుతాడు. ఈ ముగ్గురిలో ఎవరూ యూదు అంటే ఏమిటో చెప్పడానికి కూర్చోలేదు. ప్రతివాళ్లూ తమను కుదురుగా ఉండనివ్వని ఒక గదిని పట్టుకున్నారు. మా గది ఏదన్నది మాకు ఇంకా దొరకలేదు.

సొరుగు

జులైలో స్క్రిప్టు పక్కన పెట్టేశాం. వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు, మాటల్లేకుండా పనిచేద్దామన్నాను. నానమ్మ వంటగదిని నేల మీద తెల్ల టేపుతో గీయమన్నాను. స్టవ్ ఇక్కడ, సింక్ ఇక్కడ, కిటికీ ఇక్కడ. నానమ్మ కోషర్ అనే యూదు ఆహార నియమాలు పాటించేది కాబట్టి పాలవాటికీ మాంసంవాటికీ వేరే గిన్నెలు, వేరే చెంచాలు. ఎడమ సొరుగులో పాలవి, కుడి సొరుగులో మాంసంవి. మడి కట్టుకుని వంట చేసే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. ఏ గిన్నె ఎక్కడిదో పిల్లలకు ఎవరూ పాఠం చెప్పరు. చెయ్యి పెట్టగానే పెద్దవాళ్లు అరిచే అరుపే పాఠం.

ఎక్సర్‌సైజు ఇది: నేను ఏదో ఒక వంటకం పేరు చెప్తాను, ఆమె లేని సొరుగు తెరిచి లేని చెంచా తీయాలి. పెరుగు. సూపు. చీజ్ వేసిన పాన్‌కేకు. బ్రిస్కెట్ మాంసం. వేగం పెంచుకుంటూ పోయాను. మధ్యమధ్యలో ఆమెను వేరే ప్రశ్నలు అడిగాను. నువ్వు దేవుణ్ణి నమ్ముతావా? తెలియదు. నీ పిల్లల్ని హీబ్రూ బడికి పంపుతావా? తెలియదు. నువ్వు యూదురాలివేనా? "ఎవర్ని అడుగుతున్నావన్నదాన్ని బట్టి ఉంటుంది."

నోరు ప్రతిదానికీ తెలియదు అంటోంది. చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా తప్పు సొరుగులోకి వెళ్లలేదు. అలా నలభై సార్లు అయ్యాక ఆపేశాను. ఆమె తన కుడి చేతిని ఎదురుగా పెట్టుకుని, ఎవరిదో అన్నట్టు చూసింది. నానమ్మ పోయి పదిహేనేళ్లు. ఆమె ఇంట్లో ఇప్పుడు చెంచాలన్నీ ఒకే సొరుగులో ఉంటాయి.

ఆ రోజు నోట్‌బుక్‌లో నేను రాసుకున్నది ఒక్కటే: ఇక నాటకం నోటితో మొదలుకాదు, చేతితో మొదలవుతుంది.

నాటకం మొదటి ఎనిమిది నిమిషాలు అలాగే వచ్చాయి. ఆమె వంటగదిలో తిరుగుతుంది. కొత్త కోడలిగా ఆ ఇంటికి వచ్చిన తల్లి, పెరుగు తిన్న చెంచాతో మాంసం సూపు కలుపుతుంది. నానమ్మ ఏమీ అనదు. చెంచా తీసుకుని కిటికీలో ఉన్న పూలకుండీ మట్టిలో గుచ్చుతుంది. మైలపడ్డ చెంచాను మట్టిలో గుచ్చి ఉంచితే మళ్లీ వాడుకోవచ్చని కొన్ని యూదు ఇళ్లలో ఒక అలవాటు ఉంది. శాస్త్రంలో లేదు, ఇళ్లలో ఉంది. ఐరిష్ కోడలు తన చెంచా అలా మట్టిలో నిలబడి ఉండడం చూస్తుంది. ఆ చూపు దగ్గర హాలు నిశ్శబ్దమైపోయేది. ఒక్క పదానికీ అర్థం చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు కూడా.

యాస గురించి చిన్న మాట. నానమ్మను మొదట యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) యాసతో చేసింది, జనం నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మన సినిమాల్లో శ్రీకాకుళం యాసనూ తెలంగాణ యాసనూ నవ్వులకు వాడుకున్న తీరు చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ నవ్వు మనిషిని ఎంత చిన్నది చేస్తుందో నాకు తెలుసు. యాస తీసేశాం. వాక్యం చివర్లో పైకి లేచే రాగం, ఆప్రాన్‌కు చేతులు తుడుచుకోవడం ఉంచాం. నానమ్మ అంతకుముందుకన్నా ఎత్తుగా కనిపించింది.

వేలు

ఈ నాటకంలో అసలు కష్టం ఇక్కడే.

సొరుగు దొరికాక షివా సీను దానంతటదే పైకి వచ్చింది. వేదిక మీద పది కుర్చీలు అర్ధచంద్రంలా వేశాం. ఆమె పదో కుర్చీలో కూర్చుని, ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పేది. బాగానే చెప్పేది, కన్నీళ్లు కూడా వచ్చేవి. కానీ నాకు ఏదో వెలితిగా ఉండేది. ఆ పెద్దాయనను ఆమె ఎప్పుడూ "అతను" అని దూరం నుంచే చెప్పేది. మిగతా అందర్నీ నటించేది, అతణ్ణి తప్ప.

"అతను నువ్వే అవ్వాలి. ఆ వేలు నీదే అవ్వాలి" అన్నాను.

ఒప్పుకోలేదు. మూడు వారాలు ఒప్పుకోలేదు. "నన్ను వదిలేసినవాడికి నా ఒళ్లు ఎందుకివ్వాలి" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. నేను తొందరపెట్టానేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక రోజు రిహార్సల్ మధ్యలో బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది కూడా. దుఃఖంలో ఉన్న మనిషితో పనిచేసేటప్పుడు దర్శకుడికి అవసరమైనదీ, ఆ మనిషి తట్టుకోగలిగినదీ ఒకే రోజు కుదరకపోవచ్చు. ఆ వారం నేను ఫోన్ చేయలేదు. తనే వచ్చింది.

వచ్చాక మేం చేసింది చాలా సాదా పని. ఆ పెద్దాయన గురించి ఆమెకు గుర్తున్నవన్నీ కార్డుల మీద రాయమన్నాను, ఒక్కో కార్డుకు ఒక్కో విషయం. చేతికర్ర. ఎడమ చెవికి హియరింగ్ ఎయిడ్. నాన్నతో చదరంగం ఆడేవాడు. షివా మొదటి రోజు పెద్ద పళ్లెం నిండా చేప, గుడ్లు తెచ్చాడు. ఆసుపత్రిలో నాన్న పక్కన రెండు రాత్రులు కూర్చున్నాడు. పద్నాలుగో కార్డు రాస్తూ ఆగిపోయింది. ఆ వేలు ఆమె కుర్చీ దాటినప్పుడు ఆయన కళ్లు నేలను చూశాయి. ఆ సంగతి అంతకుముందు తనకు గుర్తులేదట.

ఆ కార్డు పట్టుకుని లేచి నిలబడి, మొదటిసారి ఆయనలా నడిచింది. కర్ర లేకుండానే కర్ర బరువు భుజంలోకి వచ్చింది. హీబ్రూలో పది మాటలూ మెల్లగా చదువుతూ, వేలితో ఒక్కో కుర్చీనీ తాకుతూ వచ్చింది. తన ఖాళీ కుర్చీ దగ్గరికొచ్చింది. ఆయన కళ్లతో నేలను చూసింది. వేలు దాటేసింది.

సోలో నాటకం గురించి ఇన్నేళ్లలో నేను నేర్చుకున్న పెద్ద విషయం ఆ క్షణంలో ఉంది. పదిమంది నటులతో ఈ సీను చేస్తే ఒక ముసలాయన ఒక అమ్మాయిని దాటేస్తాడు, మనం అమ్మాయి పక్షాన నిలబడతాం, అయిపోతుంది. ఒకే మనిషి చేస్తే దాటేసే వేలు, దాటిపోయిన మనిషి ఒకే ఒంట్లో ఉంటారు. ఆ వేలికి వెయ్యేళ్ల నియమం ఉంది. స్నేహితుడి బిడ్డ మీద ప్రేమ ఉంది. ఆ రెండూ కలిసి వణుకుతాయి. యూదు గుర్తింపు మీద ఈ రోజు జరుగుతున్న వాదన బయటివాళ్లతో జరిగేది మాత్రమే కాదు. అదే ఒంట్లో రెండు చేతుల మధ్య జరిగేది కూడా. తాల్ముద్ అనే యూదు ధర్మశాస్త్ర గ్రంథంలో హిల్లెల్, షమ్మాయ్ అనే ఇద్దరు పండితుల బడుల వాదనలు చదివితే ఓడిన పక్షం మాట కూడా చెరిపేయకుండా ఉంచారని తెలుస్తుంది. సోలో నాటకానికి ఆ పద్ధతి బాగా సరిపోతుంది. ఓడిన గొంతుకూ గెలిచిన గొంతుకూ ఊపిరి ఒక్కటే.

ఇదే సీనులో ఒక వాక్యాన్ని తీసేయడానికి మేం చాలా పోట్లాడుకున్నాం. ఆమె రాసింది: "1935లో నాజీలు రాసిన లెక్కలో నేనుంటాను. మా నాన్న హాల్లో లెక్కలో ఉండను." నిజమే. నాజీల న్యూరెంబర్గ్ చట్టాలు తాతానానమ్మల్ని లెక్కపెట్టాయి, అటూ ఇటూ కలిసిన కుటుంబాల పిల్లల్ని కూడా వదల్లేదు. 1970లో సవరించిన ఇజ్రాయెల్ చట్టం ప్రకారం యూదు తండ్రి ఉన్నందుకు ఆమె అక్కడికి వెళ్లి పౌరురాలు కావచ్చు, కానీ అక్కడి ప్రధాన రబ్బీల దృష్టిలో యూదురాలు కాదు. ఆ వాక్యం చెప్పినప్పుడల్లా హాల్లో ఊపిరి బిగబట్టేవారు. అందుకే తీసేయమన్నాను. అది వాదనను గెలిపించే వాక్యం. దాని తర్వాత ఆ పెద్దాయన వైపు చూడడానికి ఎవరికీ మనసొప్పదు. చివరికి ఆమే తీసేసింది, ఇష్టం లేకుండానే.

అక్టోబర్ తర్వాత

నవంబర్‌లో ప్రదర్శించాలనుకున్నాం. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకెళ్లారు. తర్వాత గాజాలో యుద్ధం, వేలల్లో, ఆపైన పదివేలల్లో మరణాలు. ఆమె ఇద్దరు కజిన్లు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒకరినొకరు తిట్టుకుని బయటికి వెళ్లిపోయారు. హాలువాళ్లు గుమ్మం దగ్గర సెక్యూరిటీ పెట్టుకోవాలన్నారు. యూదు అన్న మాట పోస్టర్ మీద వేయాలా వద్దా అన్నదే పెద్ద టెన్షన్ అయింది. 2018లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో ప్రార్థన చేసుకుంటున్న 11 మందిని కాల్చి చంపిన దేశంలో ఆ భయం ఊహ కాదు. పోస్టర్ మీద వేశాం. ప్రదర్శనలు మే నెలకు వాయిదా వేసుకున్నాం.

ఒక సీను మారింది. కజిన్ల సీనును ఆ వాట్సాప్ గొడవగా మార్చాం, నాలుగు నిమిషాలు. ఫోన్ కుడి చేతిలో ఉంటే ఒకరు, ఎడమ చేతిలో ఉంటే ఇంకొకరు. ఇద్దరికీ తమ తమ చనిపోయినవాళ్ల పేర్లు తెలుసు. ఆమె ఎవరి పక్షమూ తేల్చి చెప్పలేదు, నేనూ చెప్పమనలేదు. ఒకాయన ప్రదర్శన అయ్యాక ఇది పిరికితనమన్నాడు. ఇంకొకావిడ రెండో కజిన్‌ను వేదిక ఎక్కించడమే తప్పంది. ఇద్దరి మాటా ఆమె నిలబడి పూర్తిగా వింది. నాకైతే ఆ సీను నాటకంలో బలహీనమైనదే అనిపిస్తుంది, ఎందుకంటే అందులో చేతులకు ఫోన్ తప్ప పని లేదు. ఇప్పటికీ దాని మీద పనిచేస్తున్నాం.

ఆమేన్

కద్దిష్ ఎక్కువభాగం అరామిక్ భాషలో ఉంటుంది. పోయినవాళ్ల కోసం చదివే ఆ ప్రార్థనలో చావు అన్న మాట ఎక్కడా లేదు. అంతా దేవుడి నామాన్ని స్తుతించడమే. పదిమంది లేకుండా చదవకూడదు, ఎందుకంటే అది జవాబు కోరే ప్రార్థన. చదివేవాళ్లు మొదటి వాక్యం చెప్పి ఆగాలి, మిగతావాళ్లు ఆమేన్ అనాలి.

మరి వేదిక మీద ఒక్కతే ఉన్న నటి కద్దిష్ ఎలా చదవాలి? ఒక రబ్బీని అడిగాం. నాటకం కోసం మొత్తం చదవడం తనకు మనసొప్పడం లేదని, మొదటి వాక్యం వరకు చెప్పి ఆపుకోమని సలహా ఇచ్చాడు. అప్పుడు నాకు మా తాతగారి ఊళ్లో శ్రీరామనవమి పందిరి గుర్తొచ్చింది. హరికథ దాసుగారు చిడతలతో, గజ్జెలతో ఒక్కరే రాముడు, సీత, హనుమంతుడు, రావణుడు అయ్యేవారు. మధ్యలో "శ్రీమద్రమారమణ గోవిందో" అని ఆగేవారు. పందిరంతా "హరి" అనేది. గట్టిగా అనకపోతే మళ్లీ అడిగేవారు. ఒక్కడి కళ అనుకుంటాం కానీ ఆ ఆగడంలో జనం లేకపోతే హరికథే లేదు.

ఇదే ఆమెకు చెప్పి, మొదటి వాక్యం తర్వాత ఆగి, జవాబు కోసం ఎదురుచూద్దామన్నాను. ఆమెకు భయమేసింది. "ఎవరూ అనకపోతే?" అంది. కాసేపాగి, "అనకూడనివాళ్లు అంటే?" అంది. రెండో ప్రశ్న మొదటిదానికన్నా పెద్దది. తనను లెక్కలోంచి తీసేసిన నియమం ఇప్పుడు తన చేతిలోకి వచ్చింది.

ఇక్కడే మా గుంటూరు సంగతి ఒకటి చెప్పాను. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు, ముందుతరం క్రైస్తవులు, 1980లలో తాము ఇజ్రాయెల్ గోత్రాల వాళ్లమని ప్రకటించుకుని యూదు ఆచారాలు పాటిస్తున్నారు. షబ్బాత్ దీపాలు, హీబ్రూ ప్రార్థనలు, తెలుగు మాటలు. బయట వాళ్లను ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఆమె చాలాసేపు వివరాలు అడిగింది, నాటకంలో పెడదామంది. వద్దన్నాను. వాళ్ల కథ వాళ్లు చెప్పుకోవాల్సింది, మా నాటకానికి ఉదాహరణగా వాడుకోవాల్సింది కాదు. కానీ ఆ సంభాషణ తర్వాత ఆమె ఆగడానికి ఒప్పుకుంది.

మే నెలలో 64 సీట్ల చిన్న హాల్లో తొమ్మిది ప్రదర్శనలు ఇచ్చాం. నిడివి 65 నిమిషాలు, పదకొండు పాత్రల్లో మిగిలినవి ఆరు. చివర్లో ఆమె పది కుర్చీల మధ్య నిలబడి "యిత్‌గదల్ వెయిత్‌కదష్ షెమే రబ్బా" అని ఆగుతుంది.

మొదటి రాత్రి ఎవరూ ఏమీ అనలేదు. స్టేజ్ మేనేజర్ వాచీ చూసింది, పదకొండు సెకన్లు. వేదిక మీద అది చాలా పెద్ద సమయం. రెండో రాత్రి కూడా అంతే. మూడో రాత్రి వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు, చాలా మెల్లగా, ఆమేన్ అంది. ఆమె భుజాలు కిందికి దిగడం కంట్రోల్ బూత్‌లోంచి నాకు కనిపించింది. ఐదో రాత్రి పదిమందికి పైనే అన్నారు.

ఏడో రాత్రి ఎడిసన్ ఊరి నుంచి మా తెలుగు స్నేహితులు కొందరు వచ్చారు. వాళ్లలో ఒక అక్క తెనాలి క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చింది, నాకు చాలా ఏళ్లుగా తెలుసు. నటి ఆగిన వెంటనే, ఇంకెవరూ అనకముందే, అక్క, ఆదివారం చర్చిలో అన్నట్టు గట్టిగా "ఆమెన్" అంది. ఆ పలుకు తెలుగు పలుకు, దీర్ఘం తక్కువ. హాలంతా ఆమె వైపు తిరిగింది. వేదిక మీద నటి ఒక్క క్షణం ఆ దిక్కుకు చూసింది.

ప్రదర్శన అయ్యాక ఇద్దరూ లాబీలో కలిశారు. అక్క కంగారుపడింది, "అనకూడదా అమ్మా? చనిపోయినవాళ్ల ప్రార్థన కదా, నోటికొచ్చేసింది" అంది. నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. నటి వెంటనే జవాబివ్వలేదు. ఊరడించడానికి పర్లేదు అని ఉంటే అది అబద్ధమయ్యేది, ఆమె అలా అనలేదు. "నాకు తెలియదు. కానీ మా నాన్న పేరు విని ఎవరో జవాబిచ్చారు" అంది. ఇద్దరూ చేతులు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు.

మర్నాడు రిహార్సల్‌కు పిలిచింది. అప్పటిదాకా ఆమేన్ వినిపించగానే, లేదంటే పదకొండు సెకన్లు అయ్యాక, లైట్లు ఆరిపోయేవి. జవాబు రావడం రాకపోవడం మీద నాటకం ముగిసేది. అలా వద్దంది. జవాబు ఎవరి నుంచి వచ్చినా, రాకపోయినా, తాను నడిచి వెళ్లి ఆ వేలు దాటేసిన కుర్చీలోనే కూర్చుంటానంది. చేతులు ఒళ్లో పెట్టుకుంటుంది, కుడి చెయ్యి కొంచెం తెరిచి, సొరుగు తీయబోయే ముందు ఉన్నట్టు.

స్టేజ్ మేనేజర్ పుస్తకంలో ఆఖరి లైట్ క్యూ పక్కన పాత గీత కొట్టేసి పెన్సిల్‌తో ఇలా రాసి ఉంది: హాలు వైపు చూడొద్దు, ఆమె కూర్చున్నాక ఇవ్వాలి.